పదకొండో ఎపిసోడ్, ఏడో నిమిషం

భాషా విభాగానికి అధిపతిగా ఉన్నాయనకు ఆ విభాగంలో చెప్పే భాష రాదు. ఇది చాడీ కాదు, కాలేజీలో గేటు కాపలావాడికి కూడా తెలిసిన సంగతి. ఏ భాష అని అడక్కండి, రానివాడికి ఏ భాషైతే ఏమిటి? రెండేళ్ల కిందట ఆయన పాలనా విభాగం నుంచి ఈ కుర్చీలోకి జరిగాడు. జరిగిన నాటి నుంచీ నోరు తెరిస్తే 'విజన్' అనేవాడు. మరుగుదొడ్లకు కొత్త తలుపులు వేయించినప్పుడు కూడా అది తన విజన్ అన్నాడు. పిల్లలు ఆయనకు విజన్ సార్ అని పేరు పెడితే, దాన్ని బిరుదనుకుని మురిసిపోయాడు పాపం.

ఆయనంటే స్విచ్చుల మేడానికి ఒళ్లు మంట. ఆ మాటకొస్తే ఆవిడకు ఎవరంటే మంట కాదు గనక! తోటి అధ్యాపకులు ఆవిడ దృష్టిలో పుస్తకం మూస్తే మూగబోయేవాళ్లు. పిల్లలు మొద్దులు. మొద్దులు కానివాళ్లు బద్ధకస్తులు. భూప్రపంచం మీద ఆవిడ మనస్ఫూర్తిగా గౌరవించేది ఒకే ఒక్కదాన్ని, రెండో అంతస్తు చివర ఉన్న తన భాషా ల్యాబుని.

అందులో ఇరవై నాలుగు గళ్లుండేవి. ఒక్కో గడికీ మూడు వైపులా ప్లైవుడ్ చెక్క, లోపల ఒక కుర్చీ, తలకు తగిలించుకునే హెడ్‌సెట్, దానికి నోటి దగ్గరకు వంగిన మైకు. గది ముందు భాగంలో మేడం బల్ల. బల్ల మీద ఇరవై నాలుగు స్విచ్చులు. పిల్లలు గళ్లల్లో కూర్చుని ఎవరి పాఠం వాళ్లు పైకి చదువుతుంటే, ఆవిడ ఏడో స్విచ్చి నొక్కి ఏడో గడిలోని గొణుగుడు వినేది. "ఏడో నంబరూ, నాలుక పళ్లకి తగలాలి. నీ నాలుకేమన్నా అరిగిపోతుందా? మళ్లీ అను" అనేది. ఆ పిల్లవాడు అదిరిపడి మళ్లీ అనేవాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. తీగ తెగితే ఆవిడే అతికేది, స్పాంజి చిరిగితే ఆవిడే కుట్టేది. ఆవిడ చేతికింద తిట్లు తిన్నవాళ్లకు భాష వచ్చేది, అది మాత్రం ఎవరూ కాదనలేని నిజం.

ఆ ల్యాబు మీద పడింది విజన్ సార్ కన్ను.

జూన్‌లో ఒక పొద్దున సెమినార్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి, బల్ల మీద గుడ్డ తీసి చూపించాడు. అరచేతిలో ఇమిడే బుల్లి ప్లేయర్లు, రెండు వందల పది. ఒక్కో విద్యార్థికి ఒకటి. వారానికో పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ అందులోకి ఎక్కిస్తారు, పిల్లలు నడుస్తూ, బస్సులో వేలాడుతూ, పళ్లు తోముకుంటూ వింటారు, భాష దానంతటదే వచ్చేస్తుంది.

"ల్యాబంటే ఏమిటి? ఒక గది. గదంటే గోడలు. గోడలంటే హద్దులు. మన విజన్‌కి హద్దులుండచ్చా?" అని అడిగాడు.

ఉండకూడదని వెనక వరుసలో ఎవరో అన్నారు. టీ పోసేవాడు చప్పట్లు కొట్టాడు.

"వినరు" అంది స్విచ్చుల మేడం, కూర్చున్నచోటి నుంచే.

"ఏమిటి మేడం?"

"ఆ పిల్లలు వినరండీ. ఎదురుగా కూర్చుని, చెవికి తగిలించి, మెడ వంచితేనే వినని బాపతు. జేబులో వేసి పంపిస్తే వింటారా? పాటలెక్కించుకుంటారు, అంతే."

"అందుకే కౌంటు పెట్టాం మేడం" అని విజన్ సార్ పళ్లికిలించాడు. ఆ ప్లేయరు ఏ ఎపిసోడ్ ఎన్నిసార్లు మోగిందో లెక్క రాసుకుంటుందట. ప్రతి శుక్రవారం ప్లేయర్లన్నీ తెచ్చి అప్పగించాలి, ఆ అంకె చూసి, కొత్త ఎపిసోడ్ ఎక్కించి ఇస్తారు. వారానికి మూడుసార్లు మోగితేనే హాజరు. సెమిస్టరు చివర పైనుంచి కమిటీ వస్తుంది. అంకెలు బాగుంటే ల్యాబు ఎత్తేసి, ఆ గదిని పాడ్‌కాస్ట్ స్టూడియో చేస్తారు.

"మరి నేను?" అంది మేడం.

"పరీక్షల విభాగంలో మీలాంటి సీనియర్ల అవసరం చాలా ఉంది మేడం."

పరీక్షల విభాగం కాలేజీ అడుగు అంతస్తులో ఉంది. కిటికీ లేని గది, నేల నుంచి కప్పు దాకా జవాబు పత్రాల కట్టలు. అక్కడికి పంపించినవాళ్లు రిటైరయ్యే దాకా పైకి రారు. మేడానికి గుండెల్లో రాయి పడింది, కానీ ఆవిడ మొహంలో పూచికపుల్లంత బెదురు కూడా కనిపించనివ్వలేదు.

పైగా ఆ ఎపిసోడ్లు చదవాల్సిందీ ఆవిడే. మరెవరికి వచ్చు గనక? విజన్ సార్ గది పక్కనున్న అల్మారాల గదిలో గోడలకు దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో మైకు పెట్టారు. పది నిమిషాల ఎపిసోడ్‌లో రెండున్నర నిమిషాలు సంగీతం. ఆ తర్వాత ఒకటిన్నర నిమిషం విజన్ సార్ స్వాగత వచనాలు, అవి మేడం రాసిస్తే ఆయన అక్షరం అక్షరం బట్టీ పట్టి ఒప్పజెప్పేవాడు. మిగిలిన ఆరు నిమిషాలు అసలు పాఠం, మొదటి ఎపిసోడ్లలో మన మాటల్లో అర్థాలతో, తర్వాత పూర్తిగా ఆ భాషలోనే. మేడం చదువుతున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడి, ఏదో అర్థమైనట్టు తల ఊపుతూ ఉండేవాడు. ఆ తల ఊపుడు చూస్తే ఆవిడకు మైకు తీసి ఆ నెత్తిన మొట్టాలనిపించేది.

రెండు నెలలు గడిచాయి. అంకెలు చూస్తే కళ్లు తిరిగిపోయేలా ఉన్నాయి. మూడుసార్లు మోగాల్సినవి ఐదుసార్లు, ఆరుసార్లు మోగుతున్నాయి. విజన్ సార్ నోటీసు బోర్డు మీద వారం వారం పట్టిక అంటించి, దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నాడు. మేడానికి మతిపోయింది. ల్యాబులో 'నేను నిన్న వచ్చాను' అనడం చేతకాని శుంఠలు ఆరేసిసార్లు పాఠం వింటున్నారా? వింటే నోట్లోంచి ముక్క రాదేం?

సంగతి ఒక మధ్యాహ్నం బయటపడింది. ల్యాబు తలుపు బిగుసుకుపోతే కాస్త నూనె అడుగుదామని ఆవిడ మెట్ల కింద గదికి వెళ్లింది. అది ఆయమ్మ గది. గదులు ఊడ్చి, తుడిచి, కప్పులు కడిగే ఆయమ్మ ఆ కాలేజీలో పదిహేనేళ్లుగా ఉంది. ఆ గదిలో చీపుళ్లు, బకెట్లు, ఫినాయిల్ సీసాలు ఉండేవి. ఇప్పుడు వాటికి తోడు గోడ నిండా ఒక చెక్క రాక్ ఉంది, ప్లేయర్లు ఛార్జింగ్ పెట్టడానికి విజన్ సార్ చేయించింది. రాక్ నిండా ప్లేయర్లు, నూట యాభైకి తక్కువుండవు. అన్నీ మోగుతున్నాయి. వేలాడుతున్న ఇయర్‌ఫోన్లలోంచి సన్నగా, పొయ్యి మీద నీళ్లు కాగుతున్నట్టు ఒకటే చప్పుడు. ఆ చప్పుడంతా తన గొంతేనని మేడం గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది.

"ఏమిటే ఇది?"

ఆయమ్మ చెవిలోది తీసేసి గబుక్కున లేచింది. "పిల్లలు పెట్టి పోయారమ్మా. ఛార్జింగ్‌కి."

"ఛార్జింగ్‌కైతే మోగుతున్నాయేం?"

"మోగుతూ ఉండాలంటమ్మా. నంబరు పెరగాలంట. ఆగిపోతే మళ్లీ నొక్కమన్నారు. ఏది ఆగిందో ఏది మోగుతోందో చూస్తే తెలీదు కదా, ఒక్కోటీ చెవిలో పెట్టుకుని చూస్తున్నా."

మేడం అక్కడే బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని నవ్వింది. ఇరవై రెండేళ్లలో కాలేజీలో ఎవరూ ఆవిడ అలా నవ్వగా చూడలేదు. మొత్తం విభాగం, రెండు వందల పది ప్లేయర్లు, ఆయన విజన్, అంతా కలిపి చీపుళ్లకు పాఠం చెబుతోందన్నమాట!

వెంటనే వెళ్లి విజన్ సార్ చొక్కా పట్టుకోవచ్చు. కానీ ఆయన ఏమంటాడు? మందలిస్తాను అంటాడు, రాక్‌కి తాళం వేయిస్తాడు, కమిటీ వచ్చేలోగా చేతులు దులిపేసుకుంటాడు. అలా వదిలిపెడితే ఆవిడ స్విచ్చుల మేడం ఎందుకవుతుంది? కమిటీ ముందు, నలుగురిలో, ఆయన గాలి తీయాలి. దానికి తిరుగులేని రుజువు కావాలి.

పదకొండో ఎపిసోడ్ రికార్డు చేసే రోజు ఆవిడ దుప్పట్ల గదిలో మామూలుగానే పాఠం మొదలుపెట్టింది. ఏడో నిమిషం రాగానే గొంతు మార్చకుండా ఆ భాషలోనే ఇలా చదివింది: "ఇది విన్నవాళ్లు ల్యాబుకి వచ్చి నాతో 'నా గొడుగు బస్సులో మర్చిపోయాను' అని ఈ భాషలో చెప్పండి. చెప్పినవాళ్లకి పది మార్కులు. మన విభాగాధిపతిగారు ప్రస్తుతం నా పక్కనే నిలబడి ఉన్నారు, ఆయనకు ఇందులో ఒక్క ముక్క కూడా అర్థం కావడం లేదు."

విజన్ సార్ తల ఊపాడు. అయిపోయాక బొటనవేలు పైకెత్తి, "ఇవాళ ఫీల్ చాలా బాగా వచ్చింది మేడం" అన్నాడు.

"అవునండీ, నాకూ అలాగే అనిపించింది" అంది మేడం.

మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం ఎవరూ రాలేదు. నోటీసు బోర్డు పట్టికలో మాత్రం పదకొండో ఎపిసోడ్ వెయ్యి పైచిలుకు సార్లు మోగినట్టు ఉంది. పది మార్కులంటే ఆ కాలేజీలో నేల నాకేవాళ్లున్నారు, అయినా ల్యాబు గడప తొక్కిన నరమానవుడు లేడు. మేడం రోజూ సాయంత్రం తలుపువైపు చూసి చంకలు గుద్దుకునేది. ఒకసారి మెట్ల దగ్గర క్లాస్ లీడర్ ఎదురుపడి, ఆరిందాలా, "పదకొండో ఎపిసోడ్ సూపర్ మేడం!" అన్నాడు.

"అలాగా? ఏం నచ్చింది నాయనా అందులో?"

"మ్యూజిక్ మేడం."

ఆవిడకు ఆ పూట అన్నం కూడా ఎక్కువ సహించింది.

మూడో వారం మంగళవారం నాలుగు గంటలకు ల్యాబు తలుపు చప్పుడైంది. మేడం తలెత్తేసరికి ఆయమ్మ, చేతిలో తడిగుడ్డ, పక్కన బకెట్. ఊడవడానికి వచ్చిందేమో అనుకుంది. ఆయమ్మ లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి, గొంతు సవరించుకుని, బళ్లో పద్యం ఒప్పజెప్పే పిల్లలా కళ్లు మూసుకుని, ఆ భాషలో, "నా గొడుగు బస్సులో మర్చిపోయాను" అంది.

తప్పు లేదు. ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. మాట చివర చిన్నగా పైకి లేచే ఆ పలుకు మేడం సొంత పలుకే. ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే బల్ల మీది స్విచ్చుల వైపు వెళ్లింది. ఇలాంటి నాలుక కోసమే కదా ఏళ్ల తరబడి ఆ గళ్ల ముందు కూర్చుంది!

అంతలోనే చిరాకు కమ్మింది. ఎవరూ రాకూడదు అనుకుంటుంటే ఎవరో రావడం ఒకటి, వచ్చింది ఆయమ్మ కావడం ఒకటి. ఇది లెక్కలోకి వచ్చేదేనా?

"అది పిల్లలకి చెప్పింది. నీకు మార్కులెందుకు?"

"మార్కులు కాదమ్మా. నేనొకటి..."

"తడి చెయ్యి తలుపు మీద పెట్టకు. రంగు పోతుంది. నాకిక్కడ సవాలక్ష పనులున్నాయి, వెళ్లు."

ఆయమ్మ చెయ్యి తీసేసి, తలుపు మీద తడి తన చెంగుతో తుడిచి వెళ్లిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మేడం భర్తకు కమిటీ సంగతి చెప్పింది. ఆయన నీటి సరఫరా కార్యాలయంలో పైపుల నక్షాలు గీసే ఉద్యోగి. నెమ్మదస్తుడు, గీత గీసినా మాట అన్నా ఒకటికి రెండుసార్లు చూసుకునే మనిషి.

"ఎల్లుండి చూడండి ఆయన మొహం! వెయ్యిసార్లు మోగితే ఒక్కరంటే ఒక్కరు రాలేదు. కమిటీ ఏమంటుంది? ఇంక ల్యాబు జోలికి ఎవడొస్తాడు?"

"నిజంగా ఒక్కరూ రాలేదా?"

"ఆయమ్మ వచ్చిందనుకోండి. అదీ ఒక రావడమేనా?"

ఆయన కలుపుతున్న ముద్ద ఆపాడు. "ఏమంది?"

"వాక్యం అప్పజెప్పింది. చిలకలా."

"తప్పుల్లేకుండానా?"

ఆవిడ కూర గిన్నె ఆయన వైపు జరిపింది.

"మరి వచ్చినట్టేగదే" అన్నాడాయన.

"మీరు మరీను! అది చదువుకోవడానికి వచ్చిందా, ఊడవడానికి వచ్చిందా? దాన్ని కలిపితే విజన్ సార్ నెత్తిన పాలు పోసినట్టే. నా కొంప నేనే ముంచుకోమంటారా?"

"అలా అనడం లేదు. ఎందుకొచ్చిందో అడిగావా అంటున్నా."

"తినండి, చల్లారిపోతోంది" అంది ఆవిడ. ఆయన తిన్నాడు.

గురువారం పొద్దున కమిటీ వచ్చింది. ముగ్గురు. చేతి గడియారం చూసుకోవడం తప్ప పనిలేని ఛైర్మన్ ఒకరు. బిస్కెట్ల పళ్లెం తన వైపు లాక్కున్న సభ్యుడు ఒకరు. మూడో ఆవిడ తెల్లజుట్టు పెద్దావిడ, ఆ భాషను నలభై ఏళ్లు బోధించి రిటైరైన మనిషి. ఆవిడను చూడగానే మేడానికి ప్రాణం లేచొచ్చింది. ఒక్కరికైనా భాష వచ్చు!

విజన్ సార్ తెర మీద బొమ్మలు వేసి అరగంట కోతలు కోశాడు. పన్నెండు వేలసార్లు పాఠం విన్నారన్నాడు. రంగురంగుల గీతలు పైపైకి పోతున్నాయి. ఛైర్మన్ రెండుసార్లు "గుడ్, గుడ్" అన్నాడు.

అప్పుడు మేడం లేచింది. ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక ప్లేయరు తీసి, స్పీకరుకు తగిలించి, పదకొండో ఎపిసోడ్ ఏడో నిమిషం దగ్గర పెట్టింది. ఆ మాటలు హాల్లో వినిపించాయి. విజన్ సార్ అలవాటుగా తల ఊపాడు. తెల్లజుట్టు పెద్దావిడ ఫక్కున నవ్వి, పక్కనున్న ఛైర్మన్‌కు మాట మాటా తర్జుమా చేసి చెప్పింది. తర్జుమా చివరిదాకా వచ్చేసరికి విజన్ సార్ తల ఊపడం ఆపేశాడు. ఆయన మొహం వంకాయ రంగుకి తిరిగింది.

"ఇది వెయ్యిసార్లు మోగిందని ఆ పట్టికే చెబుతోంది" అంది మేడం. ఆ గొంతులో తేనె కారుతోంది. "పది మార్కులిస్తానన్నాను. మూడు వారాలు ఎదురుచూశాను. ఒక్కరు కూడా రాలేదు. ఈ ప్లేయర్లు మెట్ల కింద గదిలో చీపుళ్లకు పాఠం చెబుతున్నాయండీ. పిల్లలు నొక్కి పెట్టి పోతున్నారు."

బిస్కెట్లాయన నమలడం ఆపాడు. మేడం బతుకులో అంత తీపి నిమిషం మళ్లీ రాదు. ల్యాబు దక్కింది, స్విచ్చులు దక్కాయి, కిటికీ లేని గది తప్పింది. ఛైర్మన్ విజన్ సార్ వైపు తిరిగి కనుబొమలు ముడిచాడు.

"నిజంగా ఎవరూ రాలేదా?" అని పెద్దావిడ అడిగింది. అనుమానంతో కాదు, జాలితో అడిగింది.

అప్పుడే ఆయమ్మ బల్ల దగ్గర కప్పులు ఎత్తుతోంది. మేడం ఆమెను చూసింది. ఆయమ్మ కూడా మేడాన్ని చూసింది. ఉన్నమాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఊపిరి తీసుకున్నంతసేపు. మేడం ఊపిరి తీసుకుంది కూడా.

"రాలేదండీ. ఒక్కరూ రాలేదు" అంది.

ట్రేలో కప్పులు గలగలమన్నాయి. "నేను వచ్చాను" అని ఎవరో అన్నారు. ఆ భాషలో అన్నారు.

అందరూ తిరిగి చూశారు. అంతమంది తనవైపు చూసేసరికి ఆయమ్మ బెదిరిపోయి, తప్పు చేసినట్టు, ఇంకా ఏదో సర్దిచెప్పుకోవాలన్నట్టు, మళ్లీ ఆ భాషలోనే, "మంగళవారం వచ్చాను. నాలుగు గంటలకు" అంది.

పెద్దావిడ కుర్చీ మొత్తం తిప్పుకుంది. నవ్వుతూ ఆ భాషలో ఏదో అడిగింది. ఆయమ్మ ఆలోచించి జవాబిచ్చింది. పెద్దావిడ మళ్లీ అడిగింది. పిల్లలెంతమంది అంటే ఇద్దరంది, ఇల్లెక్కడ అంటే వంతెన అవతల అంది, ఒక మాట దగ్గర తడబడి వెనక్కి వెళ్లి సరిచేసుకుని మళ్లీ అంది. ఆ దిద్దుబాటు చూసి పెద్దావిడ కళ్లు మెరిశాయి.

"ఏమంటోంది?" అని విజన్ సార్ గుసగుసగా అడిగాడు, ఎవరిని? స్విచ్చుల మేడాన్నే!

"ఎవరు నేర్పారమ్మా నీకు?" అని పెద్దావిడ ఈసారి మామూలు మాటల్లో అడిగింది.

ఆయమ్మ బల్ల మీది ప్లేయరు చూపించింది. "ఈ డబ్బాలేనమ్మా."

విజన్ సార్‌కి వేరే ఏది చేతకాకపోయినా, అందివచ్చినదాన్ని ఒడిసిపట్టుకోవడం మాత్రం బాగా చేతనవును. రెప్పపాటులో లేచి నిలబడ్డాడు. వంకాయ రంగు ఎటుపోయిందో పోయింది. "ఇదండీ, ఇదీ మా విజన్! గోడల్లేని చదువు! క్లాసులో అడుగు పెట్టని మనిషికి కూడా భాష వచ్చేసింది. ఇంతకన్నా రుజువేం కావాలి?" అన్నాడు. పెద్దావిడ ఇంకేదో అడగబోతుంటే ఆయన ఆయమ్మ చేతిలో ట్రే లాగేసి, ఒక ప్లేయరు పెట్టి, భుజం పట్టి తెర ముందు నిలబెట్టాడు. నవ్వమన్నాడు. ఫొటోలు తీశారు. ఛైర్మన్ గడియారం చూసుకుని, ల్యాబు ఎత్తేసే కాగితం మీద సంతకం పెట్టాడు.

"మీరు ఎవరూ రాలేదన్నారు" అని పెద్దావిడ మేడంతో అంది. ఇందాకటి జాలి ఇప్పుడు లేదు.

"పిల్లల్లో అన్నానండీ" అంది మేడం. ఆ మాట ఆవిడకే అసహ్యంగా వినిపించింది.

ఛీ! అక్కర్లేని చోట గుండుసూదంత తప్పు పట్టే మనిషి, అక్కరున్న చోట నలుగురిలో అబద్ధమాడి దొరికిపోయింది. ఆవిడ మీద జాలిపడదామన్నా చోటు మిగల్చలేదు.

సాయంత్రం అయిదింటికి ఇద్దరు పనివాళ్లు ల్యాబులోకి వచ్చి, గళ్లు ఎన్ని అడుగులున్నాయో టేపుతో కొలిచారు. మొదటి వరుసలో ప్లైవుడ్ చెక్కలు విప్పి గోడకు ఆనించారు. మేడం హెడ్‌సెట్ల తీగలు చుట్టలు చుట్టి అట్టపెట్టెలో పెడుతోంది. పనివాళ్లు వెళ్లాక ఆయమ్మ చీపురుతో వచ్చింది. చెక్కపొట్టు ఊడుస్తూ ఊడుస్తూ మేడం బల్ల దగ్గర ఆగింది.

"చల్లగా ఉందా నీ కడుపు?" అంది మేడం తలెత్తకుండా.

"నేనేం చేశానమ్మా? వచ్చాను కాబట్టి వచ్చానన్నాను. మీరు మర్చిపోయారేమో అనుకున్నా."

మేడం తీగ చుట్టడం ఆపింది. "ఆ రోజు ఎందుకొచ్చావు?" అని అడిగింది.

"అడుగుదామని వచ్చానమ్మా. ఆ డబ్బాలు పొద్దస్తమానం అవే మాట్లాడతాయి గానీ, నేను మాట్లాడితే వినవు కదా. నేను అనేది ఒప్పో తప్పో నాకెలా తెలుస్తుంది? మా ఇంట్లో చెబితే నవ్వుతారు. చీపుళ్లకి చెప్పుకునేదాన్ని. పిల్లలు వెళ్లాక ఒక పది నిమిషాలు ఈ గళ్లల్లో కూర్చుని మాట్లాడితే మీరు వింటారేమోనని, తప్పుంటే తిడతారేమోనని వచ్చా. మీరు తిట్టినవాళ్లకి బాగా వస్తుందని పిల్లలంటారుగా."

స్విచ్చుల మేడం కుర్చీలో కూలబడింది. వినరు, వినరు అని జూన్ నుంచి అరుస్తూనే ఉంది. ప్లేయరు వినదు, ల్యాబు వింటుంది అనే మాట ఇన్నాళ్లూ ఆవిడ నోటికి రానే లేదు. ల్యాబుని నిలబెట్టే మాట అదొక్కటే. అది మంగళవారం నాలుగింటికి తనంత తాను నడిచొచ్చి గడపలో నిలబడితే, తలుపు రంగు పోతుందని తరిమేసింది.

"ఈ మాట పొద్దున అక్కడెందుకు చెప్పలేదే?" అంది.

"అక్కడ నన్నెవరూ అడగలేదమ్మా. ఫొటోకి నవ్వమన్నారు, నవ్వాను." ఆయమ్మ చెత్తంతా ఒక మూలకు తోసింది. "ఆ పెద్దావిడ మాత్రం వెళ్తూ వెళ్తూ శనివారాలు వాళ్లింటికి రమ్మన్నారు. ఆవిడ వింటారట."

మేడం గబగబా అట్టపెట్టెలోంచి ఒక హెడ్‌సెట్ పైకి తీసింది. చుట్టిన తీగ విప్పి, దాని కొస బల్లకు తగిలించింది. రెండో వరుసలో గళ్లు ఇంకా విప్పలేదు. ఏడో గడి చూపించి, "కూర్చో. ఇప్పుడు మాట్లాడు. నేను వింటాను" అంది. ఆవిడ జీవితంలో ఎవరినీ అంత మెత్తగా అడగలేదు.

ఆయమ్మ ఆ గడివైపు చూసింది, హెడ్‌సెట్ వైపు చూసింది. బకెట్ అందుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దులెండమ్మా" అంది మర్యాదగా. "ఆ పెద్దావిడ నవ్వుతూ అడిగితే వచ్చేసింది గానీ, మీ ముందు నాకు నోరు పెగలదు."